ఆ బూడిదను తుడవకండి

మొన్న ఆదివారం తోపుడుబండి దగ్గర ఒకావిడ నల్లద్రాక్ష గుత్తి పైకెత్తి చూసి, "అబ్బో, అంతా మందే" అని కింద పెట్టేసింది. బండి అతను తడిగుడ్డతో పండ్లు తుడిచి నిగనిగలాడించాడు. వెంటనే కొనుక్కుంది. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇంటికొచ్చాక కూడా నా మనసు ఊరుకోలేదు.

ఆ తెల్లపొర ద్రాక్ష తనంతట తాను పూసుకున్న మైనం. మనవాళ్ళు దాన్ని బూడిద అన్నారు. బూడిదగుమ్మడికి ఆ పేరు అందుకే. లేత పిందె మీద నూగే ఉంటుంది, ముదిరేకొద్దీ బూడిద పడుతుంది. మా నాయనమ్మ కాయల్ని ఉట్టిలో పెట్టి, "చేతులు పెట్టకండిరా, బూడిద పోతే కాయ నిలవదు" అని కసిరేది. ఎండలు ముదిరి వడియాలు పెట్టేదాకా అవి చెక్కుచెదిరేవి కావు. మొక్కల మీది ఈ మైనపు పొరకు క్యూటికిల్ అన్న పేరు డిగ్రీలో విన్నాను గానీ, అది చేసే పని మొదట తెలిసింది ఆవిడ దగ్గరే.

సుమారు 47 కోట్ల ఏళ్ళ కిందట మొక్కలు నీళ్ళు వదిలి నేలకెక్కాయి. వాటి పూర్వీకులు చెరువు నాచు లాంటివి, ఎండిపోతామన్న బెంగ లేనివి. గట్టు మీద గాలి, ఎండ ఒంట్లో తడినంతా లాగేస్తాయి. పైచర్మం కణాలు కొవ్వు ఆమ్లాల గొలుసులను ఇంకా పొడిగించి, మైనంగా మార్చి పైకి పూసుకోబట్టే మొక్కలు అక్కడ తట్టుకున్నాయి. చాలా ఆకుల్లో ఆ పూత మన వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. అయితే నీటిని ఆపే పొర గాలినీ ఆపుతుంది. తెరుచుకుని మూసుకునే పత్రరంధ్రాల అవసరం అలా వచ్చింది.

మా కర్నూలు నల్లరేగడిలో వానలు వెనకబట్టాక వేసే జొన్నను చూడండి. కాండాన్ని వేలితో గీస్తే తెల్లపొడి అంటుకుంటుంది. ఆ పొడి లేని జొన్న మొక్కల ఆకుల నుంచి నీరు ఎక్కువ పోతుందని పరీక్షల్లో తేలింది. నేలలో మిగిలిన పదునుతోనే గింజ కట్టాల్సిన పైరుకు అదెంత ఆసరానో రైతుకు వేరే చెప్పాలా?

మందుల భయం ఉత్తిది కాదు. ద్రాక్షకు పిచికారీలు ఎక్కువే, కడగకుండా తినకూడదు. కానీ మైనం తుడిస్తే మందు పోయిందనుకోవడం పొరపాటు. పోయేది పండులో నీరు. ఎండుద్రాక్ష చేసేవాళ్ళు పండు తొందరగా ఎండాలని, పొటాషియం కార్బొనేట్, నూనె కలిపిన నీళ్ళలో ముంచి ఆ మైనాన్ని కావాలనే చెడగొడతారు. బండి మీది తడిగుడ్డ చేసేదీ కొంతవరకు అదే. ఇంకోపక్క, కడగడంలో సొంత మైనం పోయిన యాపిళ్ళకు బ్రెజిల్‌లోని తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసిన కార్నౌబా మైనం పూసి అమ్ముతారు. ఆ మెరుపుకు డబ్బు పోసి, సొంత మైనంతో వచ్చిన పండును కాదంటున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

బూడిద చెదరని గుత్తినే అడిగి తీసుకోండి. ఇంట్లో అలాగే ఉంచండి. తినబోయే ముందు, తినేన్ని మాత్రం, కుళాయి ధార కింద బాగా కడుక్కోండి.