సంఘానికి చైన్ సా: ఏ కంపెనీ అని కాదు, ఎవరు బాగుచేస్తారని అడుగుదాం



తుఫాను సామగ్రి కొనుగోలులో తాళ్ళు, టార్పాలిన్లు, టార్చిలైట్ల గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా చైన్ సా దగ్గరే. పెద్దలు కొందరు స్టిల్ తప్ప వద్దంటున్నారు. కుర్రాళ్ళు హస్క్‌వర్నా అంటున్నారు. మూడో పక్షం వారు ఆన్‌లైన్‌లో 58 సీసీ మిషను ఆ డబ్బులో సగానికే వస్తుంటే పేరుకి ఎందుకు డబ్బు పోయాలంటున్నారు. ఓటు వేసే ముందు నా అభిప్రాయం రాస్తున్నాను. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ముందుగా, "తెలుగు సంఘానికి రంపం ఎందుకు, ఆ డబ్బుతో ఉగాది ఇంకా బాగా చెయ్యొచ్చు కదా" అన్నవారికి ఒక మాట. 1999 అక్టోబరు 17న మన గంజాం మీద పడిన తుఫాను, 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటి మనల్నీ గజపతినీ ఊపేసిన తిత్లీ. మూడూ అక్టోబరులోనే. ప్రతిసారీ గాలి తగ్గాక మొదటి సమస్య ఒక్కటే: చెట్టు రోడ్డుకి అడ్డం. అంబులెన్సు రాదు, పాలు రావు, కరెంటు వాళ్ళ బండి రాదు. మహా తుఫాను తర్వాత 2001లో మన రాష్ట్రం ఒడ్రాఫ్ దళాలను పెట్టింది. వాళ్ళు చేసేదీ ముందు దారులు తెరవడమే. కానీ వాళ్ళు పెద్ద రోడ్లు చూసుకోవాలి. మన సందు వంతు ఎప్పుడు వస్తుందో! అడ్డం పడిన చింతచెట్టుకి అవతల ఉన్నది తెలుగిల్లా ఒడియా ఇల్లా అన్న తేడా లేదు. ఆ దారి మనం తెరిస్తే ఈ ఊళ్ళో మన సంఘానికి వచ్చే మర్యాద ఏ సభలోనూ రాదు.

ఇప్పుడు కంపెనీల సంగతి. స్టిల్ 1926లో జర్మనీలో మొదలైంది, రంపాలే దాని ప్రధాన బతుకు. హస్క్‌వర్నా స్వీడన్‌లో 1689లో తుపాకుల కార్ఖానాగా పుట్టింది. కుట్టు మిషన్లు, మోటారు సైకిళ్ళు చేసి, 1959లో రంపాలకు వచ్చింది. రెండూ మంచి కంపెనీలే. స్టిల్ ఎమ్‌ఎస్ 180 ఇంజను 31.8 సీసీ, బారూ చైనూ లేకుండా 4 కిలోల లోపు. హస్క్‌వర్నా 120 మార్క్ 2 ఇంజను 38.2 సీసీ, బరువు 4.85 కిలోలు. మన సందుల్లో పడే చెట్లకి రెండూ చాలు. ఈ రెండింటి మధ్య కొట్టుకోవడం అంటే ఒకే బియ్యంతో వండిన రెండు ఇళ్ళ అన్నం గురించి కొట్టుకోవడమే.

పేరు ఒక్కటే చూసేవారికి ఇంకో ఉదాహరణ. 1927లో తొలి పెట్రోలు చైన్ సాల్లో ఒకటి చేసిన జర్మన్ కంపెనీ డోల్మార్. దాన్ని 1991లో జపాన్ వారి మకీటా కొనేసింది. 2022లో మకీటా పెట్రోలు ఇంజన్ల తయారీయే ఆపేసి బ్యాటరీకి మళ్ళింది. పేరు ఎంత గొప్పదైనా, రేపు మనకి కార్బురేటరు డయాఫ్రం దొరుకుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. పోనీ మనమూ బ్యాటరీదే కొంటే? ఇంటి తోటకి బాగుంటుంది, పొగ ఉండదు. కానీ తుఫాను మర్నాడు మన ఊళ్ళో కరెంటెక్కడ? ఛార్జింగు ఎక్కడ పెడతాం? సంఘానికి పెట్రోలుదే కావాలి.

58 సీసీ వాదన చూద్దాం. అంకె పెద్దదైతే పని ఎక్కువ అనుకుంటాం. కానీ చెట్టుని కోసేది ఇంజను కాదు, పన్ను. ఇప్పుడు ఏ కంపెనీ మిషనుకైనా వేసే చైను ఆకారం అమెరికాలో ఓరెగాన్ అడవుల్లో పనిచేసిన జో కాక్స్ అనే ఆయన పుణ్యం. కుళ్ళిన మొద్దులో ఒక పురుగు ఎడాపెడా కొరుక్కుంటూ పోవడం చూసి, అదే పద్ధతిలో పళ్ళు చేసి 1947లో అమ్మకానికి పెట్టాడు. పన్ను పదునుగా ఉంటే 32 సీసీ మిషను మామిడి దుంగని సునాయాసంగా దించుతుంది. మొద్దుబారితే 58 సీసీ అయినా పొగ తప్ప ఏమీ రాదు. తేడా కళ్ళతోనే తెలుస్తుంది: పదునైన చైను చిన్న చిన్న పెచ్చులు విసురుతుంది, మొద్దుబారినది పిండిలాంటి పొట్టు రాలుస్తుంది. పొట్టు రాలుతుంటే మనిషి బలం పెట్టి నొక్కుతాడు, ప్రమాదం అక్కడే మొదలు.

మన దగ్గర పడేవి కొబ్బరి, సరుగుడు, జీడి, మామిడి, చింత. కొబ్బరి పీచులో ఇసుక ఉంటుంది. తుఫానులో పడిన మొద్దుకి మట్టి ఎలాగూ అంటుతుంది. తిరిగే చైను ఒక్కసారి నేలకి తగిలితే చాలు, పదును పోయినట్టే. కాబట్టి మిషను ఒకటి కొంటే చైన్లు మూడు ఉండాలి, సరిపడే గుండ్రటి ఆకురాయి ఉండాలి, సాన పట్టడం వచ్చిన ఇద్దరు ఉండాలి. ఏనుగుని కొని అంకుశానికి బేరమాడకూడదు.

మరి చవక మిషను వద్దా? ఒక్క షరతు మీద వద్దంటున్నాను. దాని చైను, స్టార్టరు తాడు, ఆయిలు పంపు మన ఊళ్ళో ఎవరి దగ్గర దొరుకుతాయో, ఎవరు బిగిస్తారో ఆ పక్షం వారు చూపించాలి. చూపిస్తే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం బరువు గురించి. వాడేది రోజూ చెట్లు కోసే కూలీ కాదు, ఏడాదికి నాలుగు రోజులు పట్టుకునే మన పిల్లలు. చెయ్యి అలిసిపోయాకే మిషను జారుతుంది.

నా ఓటు స్టిల్ చిన్న మిషనుకి. కారణం జర్మనీ కాదు. తేలిక, అలవాటు లేని చేతికి సులువు. అయితే ఓటింగు లోపల ఇద్దరు సభ్యులు రెండు కంపెనీల డీలర్ల దగ్గరికీ వెళ్ళి మూడు ప్రశ్నలు అడగాలి. చైను, స్పార్కు ప్లగ్గు, ఫిల్టరు ఈ రోజు స్టాకులో ఉన్నాయా? మెకానిక్ ఈ ఊళ్ళోనే ఉంటాడా? కొన్న రోజు మన వాళ్ళకి నడపడం చూపిస్తారా? హస్క్‌వర్నా వారి జవాబులు మెరుగైతే నేనే చెయ్యెత్తి అటు ఓటేస్తాను.

ఇంకో పెద్ద విషయం పెట్రోలు. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా చిన్న రంపాల మాన్యువళ్ళు 10 శాతం దాటొద్దంటాయి, కొన్ని మోడళ్ళు ఎక్కువకీ ఒప్పుకుంటాయి. అందుకే కొనే మోడలు మాన్యువల్‌లో ఆ పేజీ చూసి మరీ కొనాలి. ఇథనాల్ గాలిలో తేమని పీలుస్తుంది. మనది సముద్రపు గాలి. ట్యాంకులో పెట్రోలు వదిలేసి పదకొండు నెలలు గదిలో పెడితే, తుఫాను రోజున ఏ కంపెనీ మిషనైనా తాడు లాగించి లాగించి ఏడిపిస్తుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా తిప్పి పెట్టాలి. ఆయిలు పాళ్ళు కూడా మాన్యువల్ చెప్పినట్టే. 50కి 1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, చేతివాటం కాదు. ఏటా విశ్వకర్మ పూజ రోజున బొట్టు పెట్టి ఊరుకోకుండా, కొత్త పెట్రోలు పోసి స్టార్టు చేసి ఒక దుంగ కోసి చూద్దాం. అక్టోబరుకి ముందే లోపం తెలుస్తుంది.

చివరిగా, డబ్బు కన్నా ముఖ్యమైనది. బారు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషను రెప్పపాటులో మొహం మీదికి తన్నుతుంది. పడిన చెట్టు పడుకున్నట్టే కనిపిస్తుంది కానీ వంగిన విల్లులా బిగిసి ఉంటుంది, కోయగానే ఎటు ఎగురుతుందో తెలియదు. వేళ్ళతో లేచిన చెట్టు మొద్దు కోసేస్తే ఆ వేళ్ళదిబ్బ తిరిగి గోతిలోకి కూర్చోవచ్చు. తీగలు తగిలిన చెట్టుని, లైను ఆపామని కరెంటు వాళ్ళు స్వయంగా చెప్పేదాకా ముట్టుకోకూడదు. మన వీధుల్లో లుంగీ ఎగ్గట్టి, చెప్పుల కాళ్ళతో రంపం పట్టేవారిని అందరం చూశాం. అందుకే హెల్మెట్టు, కళ్ళకి జాలీ, చెవులకి మూతలు, బూట్లు, తొడలకి కట్టే చాప్స్ కూడా ఇదే పద్దులో ఉండాలి. చాప్స్‌లో పొడుగు దారాలుంటాయి, చైను తగిలితే అవి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. వీటికి డబ్బు చాలదంటే మిషను ఈ ఏడు మానేద్దాం, వచ్చే ఏడు రెండూ కలిపి కొందాం. అప్పటిదాకా గొడ్డలీ చేతిరంపమూ ఉన్నాయి.

నా ప్రతిపాదన ఇదీ: మిషను ఒకటి, చైన్లు మూడు, రక్షణ సామగ్రి ఇద్దరికి, వాడే అనుమతి నేర్చుకున్న నలుగురికే. మిషను ఎవరికీ ఇంటి పనికి అరువివ్వకూడదు, అధ్యక్షుల వారికైనా సరే. జాగ్రత్తలన్నీ ఒక పేజీలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా రాసి పెట్టె మూతకి అంటిద్దాం. తెలుగు పక్క నేను రాస్తాను. ఒడియా అక్షరం చక్కగా రాసే పిల్లలు మన ఇళ్ళలో బోలెడుమంది, ఎవరైనా ముందుకి రండి. డీలర్ల దగ్గరికి వెళ్ళే ఇద్దరు కూడా పేర్లు కింద రాయండి.