అమ్మ పక్క సర్దేసింది

ఈ శీర్షికలో ఇప్పటిదాకా మిమ్మల్ని చాలా గదుల్లోకి తీసుకెళ్లాను. తిరుమల కాటేజీలు, రైల్వే రిటైరింగ్ రూములు, పెళ్లికెళితే పదిమందిని కుక్కేసిన కల్యాణమండపం మేడగది... ఈ వారం గది మాత్రం కాస్త ఖరీదైంది. అదీ ఎక్కడో ఉత్తరాన, నార్వే రాజధాని ఓస్లోలో. కంగారుపడకండి. నా జీతంతో కాదు, తమ్ముడి జీతంతో!

వాడక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. 2024లో అమ్మకి అరవై నిండాయి. నాన్న ఉంటే ఏం చేసేవాళ్లమో గానీ ఆయన 1997లోనే పోయారు. ఆ ఏడాదే అమ్మ గుంటూరు బ్రాడీపేటలో రెండు గదులు అద్దెకి తీసుకుని మెస్ పెట్టింది. పంతొమ్మిదేళ్లు నడిపింది. కోచింగుల కోసం వచ్చిన పిల్లలకి, బ్యాంకు ఉద్యోగం బ్రహ్మచారులకి రెండు పూటలా వడ్డించింది. అందుకే వాడికో కోరిక. అమ్మ ఒక్కరోజైనా కూర్చోవాలి, ఎవరో వచ్చి వడ్డించాలి. ఆ ఏడు జూన్‌లో మేమిద్దరం వాడి దగ్గరకి వెళ్లినప్పుడు చెప్పాపెట్టకుండా గ్రాండ్ హోటల్లో ఒక రాత్రికి గది తీసేశాడు. ఎంతయిందో అమ్మకి చెప్పొద్దన్నాడు. అనవసరపు దర్జా అనుకున్నాను గానీ పైకి అనలేదు.

ఆ హోటల్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఓస్లో నడిబొడ్డున కార్ల్ యూహాన్స్ వీధి ఉంది. ఒక చివర రైల్వే స్టేషను, ఇంకో చివర రాజుగారి కోట. మధ్యలో పార్లమెంటు, దాని ఎదురుగా ఈ హోటలు. 1874లో కట్టారు. అప్పటికి ఊరి పేరు క్రిస్టియానియా, ఓస్లో అని మార్చింది 1925లో. కట్టించిన పెద్దమనిషి రాజూ కాదు, జమీందారూ కాదు. యూలియస్ ఫ్రిట్జ్‌నర్ అని కేకులూ మిఠాయిలూ చేసే ఆయన. ఈ మాట చెప్పగానే అమ్మ మొహంలో మొదటిసారి కాస్త ధైర్యం కనిపించింది. ‘‘అయితే మనలాంటివాడే’’ అంది.

రిసెప్షన్‌లో అమ్మాయి పాస్‌పోర్టు చూసి, నవ్వుతూ అమ్మని పేరు పెట్టి పిలిచింది. గారూ లేదు, మేడమూ లేదు. అమ్మ ఉలిక్కిపడింది. నాన్న పోయాక అమ్మని పేరుతో పిలిచినవాళ్లు లేరు. మెస్ పిల్లలకి ఆంటీ, వీధిలో వాళ్లకి మెస్ పిన్నిగారు, మాకు అమ్మ. తమ్ముడు చెప్పాడు, నార్వే భాషలో మన ‘మీరు’లాంటి మాట ఒకటి ఉండేదట గానీ ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరట. పై అధికారినైనా, గది తుడిచే మనిషినైనా ‘నువ్వు’ అనే అంటారట.

‘‘మరి ఎవరు పెద్దో ఎలా తెలుస్తుందిరా?’’

‘‘తెలియదమ్మా. తెలియక్కర్లేదు.’’

అమ్మకి ఆ జవాబు నచ్చలేదు.

గది చూసి ముందు నేను నోరు తెరిచాను. ఎత్తయిన కప్పు, బరువైన పరదాలు, కాలు పెడితే గోరువెచ్చగా తగిలే బాత్రూమ్ నేల. మంచం ఒకటే, దుప్పట్లు రెండు. అక్కడ మొగుడూ పెళ్లాలైనా ఎవరి బొంత వాళ్లదే. అమ్మ ఇదొక్కటి మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. బాత్రూమ్‌లో మగ్గు లేదు. ఈ కష్టం విదేశాలకి వెళ్లొచ్చిన మన కుటుంబాలన్నిటికీ తెలిసిందేగా! ఖాళీ నీళ్ల సీసాతో గట్టెక్కాం. తాగే నీళ్లెక్కడని వెతుకుతుంటే తమ్ముడు వాష్‌బేసిన్ కుళాయి చూపించాడు. ఆ ఊళ్లో అందరూ తాగేది కుళాయి నీళ్లే. ఎక్కువ భాగం ఊరి పక్కనున్న మారిదాల్ చెరువు నుంచి వస్తాయి. ఇంత ఖరీదైన గదిలో ఉన్నవాళ్లవీ, రోడ్డు పక్క గిటారు వాయించుకునేవాళ్లవీ ఒకే నీళ్లు.

సాయంత్రం ఆ వీధిలో నడిచాం. కాళ్ల కింద చూస్తే రాళ్లలో ఉక్కు అక్షరాలు! ఇబ్సెన్ నాటకాల్లోని మాటలట. ‘డాల్స్ హౌస్’ రాసిన ఆ ఇబ్సెనే. 1879లోనే నోరా అనే ఇల్లాలు మొగుణ్ని వదిలి, తలుపేసి బయటికి నడిచిపోయిందని రాసి యూరప్ అంతటినీ కంగారు పెట్టిన మనిషి. ఇరవయ్యేడేళ్లు పరాయి దేశాల్లో గడిపి 1891లో సొంత దేశం వచ్చాక, రోజూ ఇదే హోటల్లోని గ్రాండ్ కెఫేకి భోజనానికి వచ్చేవాడు. ఆయన రాకను బట్టి జనం గడియారాలు సరిచేసుకునేవారట. ఆయన కోసం ప్రత్యేకంగా ఒక కుర్చీ కూడా ఉండేదట. కెఫే గోడ మీద పేర్ క్రోగ్ వేసిన పెద్ద బొమ్మలో ఆయన టోపీతో సహా కనిపిస్తాడు. అన్నీ విని అమ్మ అడిగింది:

‘‘రోజూ వస్తాడంటే నెలవారీ ఖాతా ఉండి ఉంటుంది. సరిగ్గా కట్టేవాడేనా?’’

ఇబ్సెన్ గురించి నేను చదివినవాళ్లలో ఏ విమర్శకుడూ అడగని ప్రశ్న ఇది!

జూన్ కదా, పదిన్నర దాటినా వెలుగు పోలేదు. వీధిలోకి తిరిగి ఉన్న బాల్కనీ ఒకటి కింద నుంచే చూపించాను. నోబెల్ బహుమతుల్లో మిగతావన్నీ స్వీడన్‌లో ఇస్తే శాంతి బహుమతి ఒక్కటీ ఓస్లోలో ఇస్తారు. ఏటా డిసెంబరు పదిన గ్రహీతల బస ఈ హోటల్లోనే. ఆ సాయంత్రం జనం కాగడాలు పట్టుకుని ఊరేగింపుగా వస్తారు, గ్రహీతలు ఆ బాల్కనీలోకి వచ్చి చెయ్యూపుతారు. 2014లో మన కైలాస్ సత్యార్థి, మలాలా పక్కపక్కన నిలబడింది ఇక్కడే. అంతకు ముందు 1979లో మదర్ థెరిసాకి ఇచ్చినప్పుడు, ఆనవాయితీగా జరిగే విందు తనకి వద్దని, ఆ డబ్బు పేదల కోసం ఇవ్వమని ఆమె అడిగింది. విందు మానేసి డబ్బు ఇచ్చారు కూడా.

ఇది చెప్పి గొప్పగా అమ్మ వైపు చూశాను. అమ్మ కాసేపు ఆలోచించి, ‘‘మంచిపనే. మరి ఆ రోజు వండాల్సిన వంటవాళ్లకి కూలి ఇచ్చారా?’’ అంది.

మెస్ నడిపినవాళ్లతో విదేశాలు తిరిగితే ఇలాగే ఉంటుంది.

ఆ రాత్రే అసలు గొడవ. బల్ల మీద కాగితంలో అంకె చూసి, ఒక క్రోనర్ ఎన్ని రూపాయలో నా నోటితోనే చెప్పించుకుని, మనసులో గుణించుకుంది. ముప్పై వేల పైచిలుకు తేలింది. ‘‘మెస్ పెట్టిన కొత్తలో ఏడాది అద్దె ఇది. ఒక్క రాత్రి పడుకోవడానికా?’’ తమ్ముడి మొహం చిన్నబోయింది. నేను లోపల అనుకున్న మాటే అమ్మ పైకి అంది గానీ, వాణ్ని చూస్తే జాలేసింది. ఎవరూ ఏమీ మాట్లాడకుండా పరదాలు దించి పడుకున్నాం. ఆ మెత్తటి పరుపు మీద అమ్మ ఎంతసేపు మేలుకుని ఉందో నాకు తెలుసు. ఎందుకంటే నేనూ మేలుకునే ఉన్నాను.

పొద్దున్న టిఫిన్ దగ్గర వాతావరణం కొంచెం చల్లబడింది. గాజు సీసాల్లో ఊరేసిన హెర్రింగు చేపలు, పొగబెట్టిన సాల్మన్, పళ్లు, రకరకాల రొట్టెలు. మేం శాకాహారులం గనుక చేపల బల్ల దాటేశాం. వడ్డించేవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంది పాపం! ఎవరి పళ్లెం వాళ్లే తెచ్చుకోవాలని చెబితే, ‘‘దీనికా వీడు ఇంత పోసింది’’ అని తనే నవ్వేసింది. మా అందరి మధ్యా ముడి విప్పింది మాత్రం బ్రూనోస్ట్. బెల్లం రంగులో అచ్చులా ఉండే జున్ను. పల్చగా కోసి రొట్టె మీద వేసుకుంటారు. అమ్మ ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

‘‘విరిగిన పాల నీళ్లు పారబొయ్యకుండా మరిగించి మరిగించి దగ్గరకి తెచ్చారు. కోవా చేసినట్టు.’’

చీటీ చదివి చూశాం. సరిగ్గా అంతే! నీళ్లు కూడా వృథా పోనివ్వని వంట అన్నాక ఆ దేశం మీద అమ్మకి గౌరవం పుట్టింది.

ఖాళీ చేసే ముందు నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ పక్క సర్దేసింది. రెండు బొంతలూ మడత పెట్టింది, తువ్వాళ్లు పేర్చింది, వాష్‌బేసిన్ తుడిచేసింది. ‘‘హోటలమ్మా ఇది’’ అంటుండగానే తలుపు దగ్గర బండితో గది శుభ్రం చేసే ఆమె. నలభై దాటి ఉంటుంది. నార్వే మనిషి కాదని ఆమె ఇంగ్లిషు చెబుతోంది. పక్క చూసి గట్టిగా నవ్వింది. అమ్మ బొంత మూల మడత చూపించి, ఇలాగేనా అని చేత్తో అడిగింది. ఆమె ఇంకోలా మడిచి చూపించింది. ఇద్దరూ ఒకే మంచం మీద వంగి ఉంటే నేను దుబాసీగా పక్కన నిలబడ్డాను.

రోజుకి ఎన్ని గదులు? పద్నాలుగు. నడుం పట్టెయ్యదా? పట్టేస్తుంది. జీతమెంత? ఇది అడగనా వద్దా అని నేను తటపటాయించాను గానీ, ఆమె ఏ మొహమాటం లేకుండా చెప్పేసింది. గంటకి రెండొందల క్రోనర్ల దరిదాపుల్లో.

తర్వాత తమ్ముడు వివరించాడు. నార్వేలో అందరికీ కలిపి కనీస వేతనం అంటూ ఒకటి లేదు. యూనియన్లూ యజమానులూ కూర్చుని ఏ రంగానికి ఆ రంగం రేటు తేల్చుకుంటారు. అయితే బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకి తక్కువిచ్చి పని చేయించుకోకుండా, హోటళ్లు, రెస్టారెంట్లలో ఇంతకు తగ్గకూడదని 2018 నుంచి అందరికీ వర్తించేలా నిబంధన పెట్టారు. అంటే అంతకు ముందు తక్కువిచ్చినవాళ్లు ఉన్నట్టేగా. స్వర్గం అక్కడా లేదు. ఒక కాఫీకి యాభై క్రోనర్లయ్యే ఊళ్లో ఆ జీతం మరీ పెద్దదీ కాదు. అయినా మన లెక్కన గంటకి పద్నాలుగు వందల పైమాటే!

తమ్ముడి ఫ్లాటుకి వెళ్లే మెట్రోలో అమ్మ మాట్లాడలేదు. సొరంగంలో కిటికీ అద్దం నల్లబడి మా మొహాలే కనిపిస్తున్నాయి.

‘‘గిన్నెలు కడిగే ఆమె గుర్తుందా నీకు?’’ అంది చివరికి.

గుర్తు లేకేం. పొద్దున్నే అయిదింటికి పెరట్లో తోముడు చప్పుడుతోనే నాకు మెలకువ వచ్చేది.

‘‘నెలకి ఆరొందలు ఇచ్చేదాన్ని. ఇంకో వంద పెంచమని అడిగింది. నిన్ను ఇంటర్‌లో చేర్చిన నెల. వచ్చే నెల చూద్దామన్నాను.’’

‘‘తర్వాత పెంచావా?’’

‘‘ఆమె మళ్లీ అడగలేదు. నేనూ పెంచలేదు. ఇంకో నాలుగేళ్లు చేసింది.’’

తమ్ముడు నా వైపు చూశాడు. నేను అద్దం వైపు చూశాను. ఆ నెల కట్టిన ఫీజు రసీదు నా పేరు మీదే ఉంది కదా.

గుంటూరు వచ్చిన మూడో రోజు అమ్మ ఆటో మాట్లాడుకుని నల్లచెరువు వైపు వెళ్లింది. పాత ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారట. కూతురి దగ్గరకి చిలకలూరిపేట వెళ్లిపోయిందని చెప్పి, ఫోన్ నంబరిచ్చారు. నంబరు రాసిన కాగితం నాలుగు రోజులు ఫ్రిజ్ మీదే ఉంది. అయిదో రోజు మధ్యాహ్నం అమ్మ గది తలుపు దగ్గరగా వేసుకుని గంటసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. విరిగిన పాల నీళ్లతో కోవా ఎలా చేస్తారో వివరించడం మాత్రం వంటింట్లోకి వినిపించింది.