నిద్రమత్తున బండి నడుపుట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి జీవనార్థమై గల్ఫు దేశములకు పోవువారనేకులు. వారిని శంషాబాదు విమానాశ్రయమున సాగనంపి, బంధువులు అద్దెకారులో ఆ రాత్రియే మరలుదురు. వెనుక అందఱును నిద్రింతురు. డ్రైవరునకు మాత్రము నిద్ర రాదని మన నమ్మకము కాబోలు! రాత్రి రెండు మొదలు ఐదు గంటల వరకు నిద్ర మిక్కిలి బలీయము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున నాలుగు సెకనులు కన్ను మూతపడిన, కారు సుమారు 67 మీటర్లు గ్రుడ్డిగా పరుగిడును. మొగము కడుగుకొనుట, పాటలు వినుట నిద్రను ఆపజాలవు. బండి నిలిపి, కాఫీ త్రాగి, ఇరువది నిమిషములు కునుకు తీయుట మేలు. బస ఖర్చునకు వెనుదీసి తొందరపెట్టువారిదే, నా దృష్టిలో, ప్రథమ దోషము. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము సాధారణముగా దినమునకు 8 గంటల పనినే విధించెను గాని, ఐదుగురు పనివారైన లేని యజమానులకది వర్తింపలేదు. కావున కారు కుదుర్చుకొనునపుడే, డ్రైవరు ఆ పగలు నిదురించెనా యని మనమే అడుగవలెను.