వృత్తం లెక్క తెలిశాకే లైబ్రరీ

గ్రాఫిక్స్ క్లాసులో వృత్తం గీయమంటే విద్యార్థులు లైబ్రరీ ఫంక్షన్‌కు కేంద్రం, వ్యాసార్థం ఇచ్చి ఊరుకుంటున్నారు. తెరపై బొమ్మ వస్తుంది గానీ అదెలా వచ్చిందో తలకెక్కదు. ఆ ఫంక్షన్ చేతికివ్వకముందే ఒక్కసారైనా పిక్సెల్ పిక్సెల్‌గా వృత్తం గీయించాలని నా వాదన. బ్రెసెన్‌హామ్ 1977లో ప్రచురించిన పద్ధతి, ఆ కోవకే చెందిన మిడ్‌పాయింట్ అల్గారిథం ఇందుకు చక్కటి పాఠాలు. సైన్, కొసైన్, వర్గమూలం ఏవీ అక్కర్లేదు. మిడ్‌పాయింట్ పద్ధతిలో అడుగడుగునా ఒక పూర్ణాంకం ధనమా, రుణమా అని చూసి, పక్క పిక్సెల్‌కు వెళ్లాలో, ఏటవాలు పిక్సెల్‌కు వెళ్లాలో తేల్చుకుంటాం. అలా ఎనిమిదో వంతు లెక్కిస్తే చాలు, సౌష్ఠవం వల్ల మిగతా ఏడు వంతులూ దొరుకుతాయి. దీర్ఘవృత్తానికైతే నాలుగో వంతు మొత్తం లెక్కించక తప్పదు. పైగా వాలు మైనస్ ఒకటి అయిన చోట ఏ అక్షం వెంట అడుగు వేయాలో మార్చుకోవాలి. సిద్ధంగా లైబ్రరీలు ఉండగా ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. ఉద్యోగంలో లైబ్రరీనే వాడాలి, సందేహం లేదు. కానీ అది ఇచ్చేదీ చాలాసార్లు ఉజ్జాయింపే. పీడీఎఫ్‌లో వృత్తానికి ప్రత్యేక ఆదేశమే లేదు, సాధారణంగా 0.5523 అనే గుణకంతో నాలుగు బెజియర్ వక్రాలను కలుపుతారు. అందులో దోషం 0.03 శాతం లోపే. వ్యాసార్థం 100 పిక్సెళ్లయితే అది కంటికి ఆనదు. 4,000కు పెంచితే ఒక పిక్సెల్ దాటుతుంది. ఆ తేడాను ఎక్కడ వదిలేయవచ్చో, ఎక్కడ వదలకూడదో లోపలి లెక్క నేర్చినవాళ్లే నిర్ణయించగలరు. ఆ నేర్పు ఇవ్వడమే చదువు పని.