సంతోషంలో మన వాటా (9వ భాగం)

"సంతోషం బయట లేదు, నీలోనే ఉంది." హాస్టళ్లలో మోటివేషన్ క్లాసులు పెట్టి ఈ మాట తెగ చెప్తున్నారు. ఎవరికి? ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రాని పిల్లలకు. నా పేచీ ఇక్కడే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చరిత్రలో సంతోషం గురించి మాట్లాడినవాళ్లు అది ఎవరికి దక్కాలో కూడా తేల్చిపెట్టారు. మనిషి బతుక్కి పరమ గమ్యం ఆనందమే అన్న అరిస్టాటిలే, బానిసలకూ జంతువులకూ అందులో వాటా లేదన్నాడు. మన దగ్గర లెక్క ఇంకా పకడ్బందీ. ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయం తీసి చూడండి. మంచి నడవడి ఉన్నోడు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాల్లో పుడతాడట. చెడ్డోడు కుక్క గర్భంలోనో, పంది గర్భంలోనో, చండాల గర్భంలోనో. అంటే మన కష్టానికి మనమే ముద్దాయిలం!

1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, సంతోషాన్ని వెతుక్కోవడం మనిషి హక్కు అంది. తలరాత కాస్తా హక్కు కావడం చిన్న సంగతి కాదు. కానీ అది రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా నల్లవాళ్లను బానిసలుగా ఉంచుకున్నాడు.

మా అమ్మ నోట సంతోషం అన్న మాట నేనెప్పుడూ వినలేదు. "నిమ్మళంగా ఉన్నాం" అనేది. అప్పులోడు గుమ్మం తొక్కని రోజున, రెండు పూటలా పొయ్యి వెలిగిన రోజున అనేది. పుస్తకాల్లోని నిర్వచనాల కన్నా నాకు అదే నిజమనిపిస్తుంది. ఎందుకంటే అందులో అప్పులోడు కూడా ఉన్నాడు.

బాబాసాహెబ్ చూపు కూడా అటే. మనిషి దుఃఖానికి మూలం మనిషి మనిషికి చేసే అన్యాయమేనని 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో రాశాడు. కర్మ అనలేదు, మనసు అనలేదు.

మహాడ్‌నే తీసుకోండి. చవదార్ చెరువు అందరిదీ అని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అది కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న మనవాళ్లు వేలమంది నడిచి వెళ్లి, దోసిళ్లతో ఆ నీళ్లు తాగారు. ఆ రోజే వాళ్ల మీద దాడి జరిగింది. తలలు పగిలాయి. తర్వాత సవర్ణులు పంచగవ్యంతో చెరువును "శుద్ధి" చేసుకున్నారు. బొంబాయి హైకోర్టులో కేసు గెలిచేసరికి 1937 వచ్చింది. గుక్కెడు నీళ్ల కోసం పదేళ్లు! వాళ్లకు ఏం చెప్తారు సార్, లోపలికి చూసుకోమనా?

"మరి బుద్ధుడు ధ్యానం చెప్పలేదా?" అని అడగబోతున్నారని తెలుసు. దాని మీద వచ్చే భాగంలో మాట్లాడుకుందాం.

జై భీమ్.