సంఘపెద్దలారా, ఆ కాగితముపై సంతకము చేయకుడి



ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందిన మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో నేడు చాలచోట్ల తోటలు పోయి ప్లాట్ల హద్దురాళ్లు మొలచినవి. దానికి నేను ఏడ్చుట లేదు. అయితే ప్రభువు తోటలో పనిచేయుచున్నామని చెప్పి పరదేశములో తమకొక ప్లాటు సంపాదించుకొనువారు మన సంఘములలోనే బయలుదేరిరి. వారిని గూర్చియు, వారికి తోడ్పడుచున్న మనలను గూర్చియు వ్రాయవలసి వచ్చినది.

మొన్న ఒక పల్లె సంఘపెద్ద ఇంగ్లీషులో టైపుచేసిన కాగితమొకటి నాయొద్దకు తెచ్చెను. "అయ్యగారూ, మా పిలగాడు సేవకు అమెరికా పోతున్నడు. సంఘం తరఫున సంతకం పెట్టుమన్నరు. ఏం రాసిన్రో జర చదివి చెప్పుండ్రి" అనెను. ఆ యువకుడు గత 2 సంవత్సరములుగా ఆ సంఘ సభ్యుడై పూర్తికాల సేవ చేయుచున్నాడని అందులో ఉన్నది. "ఇది నిజమేనా?" అని అడిగితిని. పెద్దాయన తల వంచుకొని, "క్రిస్మస్‌కు వస్తడయ్యగారూ" అనెను.

ఆ రెండు సంవత్సరముల మాట ఊరక వ్రాసినది కాదు. అమెరికాకు మతసేవకుడుగా వెళ్లగోరువాడు తన్ను పిలుచు సంఘశాఖలో అంతకుముందు కనీసము 2 సంవత్సరములు సభ్యుడై యుండవలెనని అక్కడి నియమము. ఆర్-1 అను ఆ వీసాపై మొత్తము 5 సంవత్సరములకు మించి ఉండరాదు. తరువాత శాశ్వత నివాసము, అనగా గ్రీన్ కార్డు, కోరినయెడల, 2 సంవత్సరములు ఎడతెగక సేవ చేసినట్లు మరల రుజువు చూపవలెను. ఆ తరగతికి ఏటా దొరకునవి సుమారు 10,000 మాత్రమే. అందులో సేవకులేగాక ఇతరులును, వారి భార్యాపిల్లలును లెక్కకు వచ్చెదరు. 2023 నుండి ఆ వరుస మరింత పొడవైనది. వంతు రాకముందే గడువు తీరి, నమ్మకమైన కాపరులు తమ మందలను విడిచి తిరిగి రావలసిన స్థితి కలిగినది.

కాబట్టి ఆలోచించుడి. అబద్ధపు కాగితముతో వరుసలో నిలుచువాడు ప్రభుత్వమును మాత్రమే మోసగించుట లేదు. తన వెనుక నిలిచిన నిజమైన సేవకుని చోటును దొంగిలించుచున్నాడు.

మీకంటె ముందు నేను నా తప్పు ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రితము నేనును అట్టి కాగితముపై సంతకము చేసితిని. మా సంఘములో 8 నెలలు ఉన్నవానికి 2 సంవత్సరములని వ్రాసితిని. గుడికి పైకప్పు వేయించెదనని అతడు మాట ఇచ్చెను, వేయించెను కూడ. ఆ తరువాత, ఎండవానలను లెక్కచేయక యేండ్ల తరబడి పల్లెపల్లెకు తిరిగి పిల్లలకు వాక్యము నేర్పిన ఒక సహోదరి నిజమైన యోగ్యతాపత్రము కొరకు నాయొద్దకు వచ్చెను. సంతకము చేయబోగా నా చెయ్యి వణికెను. అబద్ధమునకు పెట్టిన సంతకమే ఆమె సత్యమునకును పెట్టవలసి వచ్చెను గదా! నేటికిని ఆ కప్పు క్రింద నిలిచి తొమ్మిదవ ఆజ్ఞ చదువునప్పుడు నా గొంతు తడబడును.

"పరదేశములో స్థిరపడగోరుట పాపమా?" అని కొందరు అడిగెదరు. కాదు. అననీయ కథ జ్ఞాపకము చేసికొనుడి. పొలము అతనిదే; అమ్మిన సొమ్మును అతని చేతిలోనిదేనని పేతురే చెప్పెను. కొంత ఉంచుకొన్నందుకు గాక, అంతయు తెచ్చితినని బొంకినందుకు అతడు పడిపోయెను. మీ కుమారుడు పనివాడుగానో విద్యార్థిగానో వెళ్లగోరినయెడల ఆ పేరుతోనే వెళ్లనిండు, ప్రార్థించి పంపుదము. పొట్టకూటికి పోవుచు సేవకని చెప్పుట మాత్రము వద్దు.

"పౌలు తన రోమా పౌరసత్వమును వాడుకొనలేదా?" అని మరికొందరు. వాడుకొనెను. అయితే అది అతనికి పుట్టుకతో వచ్చిన నిజమైన హక్కు. దానితో అతడు సుఖము వెదకక, సంకెళ్లతోనే రోమాకు వెళ్లి సువార్త ప్రకటించెను.

మన తెలుగు సంఘ చరిత్రలోనే ఒక మాదిరి యున్నది. 1903లో జాన్ రంగయ్యగారు తెలుగు బాప్టిస్టు సంఘముల పక్షమున దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లిరి. అక్కడి తోటలలో మన తెలుగువారు ఒప్పంద కూలీలుగా పాటుపడుచుండిరి. భారతీయులు అక్కడ నిలుచుటయే కష్టమైన దినములవి. ఒప్పందము ముగిసిన పిమ్మట ఉండిపోవు కూలీలపై 1895 చట్టము ఏటికి 3 పౌండ్ల పన్ను విధించెను. 1914లో గాని అది తొలగలేదు. అట్టి చోట కాపరియై, 1915లో మరణించువరకు ఆయన ఆ కూలీల కొరకు పాటుపడెను. నివాసము సేవకొరకు కోరదగినది. నివాసము కొరకు సేవ పేరు చెప్పదగదు.

కనుక పెద్దలారా, మీ చదువుకు అందని కాగితముపై సంతకము గాని వేలిముద్ర గాని వేయకుడి. తెలుగులో చదివించుకొనుడి, సంఘమంతటి యెదుట చదివించుడి. ఎన్ని నెలలు ఉన్నాడో అన్ని నెలలే వ్రాయుడి. నిజముగా పంపదగినవారికి సంకోచింపక వ్రాసి ఇయ్యుడి; వారి వంతు వచ్చువరకు పేరుపేరున ప్రార్థింపుడి. మన దేశమునకు మిషనరీగా వచ్చు విదేశీయుడును దానికి తగిన వీసా తీసికొనవలెను గదా. అతనియొద్ద మనము కోరు నిజాయితీని మనమును చూపుదము.

ఆ పెద్దాయన కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, "ఇంట్ల లొల్లి అయితదయ్యగారూ" అనుచు లేచెను. కానిమ్మంటిని. వచ్చే ఆదివారము నేను ఆ యింటికి పోవుచున్నాను. రేకులు లేక కారుచున్న వారి గుడిని గూర్చి కూడ మాటలాడవలెను. దానికి మనమందరము కలిసి చేయి వేయుదము; అబద్ధముతో కప్పబడిన ఇంటిలో ప్రభువును ఆరాధింపకుందుము గాక.