లచ్చివారం అంటే ఏ రోజు?

మా మామ్మకి మొన్న వేసవిలో కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. రోజుకి నాలుగుసార్లు చుక్కలు, వారానికోసారి చెకప్. అమ్మా నాన్నా పొద్దున్నే పనికి వెళ్లిపోతారు. నేనేమో హాస్టల్లో. భోగాపురంలో పగలంతా మామ్మ ఒక్కతే. నేను సీఎస్ఈ కదా, ఎలాగూ మినీ ప్రాజెక్ట్ చెయ్యాలి కదా అని, తెలుగులో చెబితే టైమ్‌కి గుర్తుచేసే చిన్న యాప్ ఒకటి రాసి మామ్మ ఫోన్‌లో వేశాను. బటన్ నొక్కి మాట్లాడితే చాలు. ఫోన్‌లో ఉండే వాయిస్ టైపింగ్ ఆ మాటల్ని అక్షరాలుగా మారుస్తుంది. నా ప్రోగ్రామ్ అందులోంచి తేదీ, టైమ్ ఏరుకుని అలారం పెడుతుంది.

ఒక సోమవారం సాయంత్రం మామ్మ ఫోన్‌కి ఇలా చెప్పింది: "లచ్చివారం పొద్దున్న తొమ్మిదింటికి కంటి డాక్టరు కాడికి ఎల్లాల."

మర్నాడు మంగళవారం, సరిగ్గా తొమ్మిదింటికి అలారం మోగింది. మామ్మ ఆటో ఎక్కి, తర్వాత బస్సు ఎక్కి విజయనగరం వెళ్లింది. ఆ డాక్టరు గారు కూర్చునేది గురువారాలు మాత్రమే. ఆపరేషన్ అయిన కంటితో మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చింది. రాత్రి ఫోన్‌లో నేను, "నీకు లక్ష్మివారం అని తెలుసు కదా మామ్మా, ఎందుకెళ్లావు?" అని అడిగాను.

"తెలుసునే అమ్మీ. కానీ ఫోను మంగళారం మోగింది కదా. డాక్టరు దినం మార్చీసినాడేమో, నువ్వు ఫోనుకి సెప్పుంటావు అనుకున్నాను."

మామ్మకి తెలిసింది కరెక్ట్. నా ప్రోగ్రామ్‌కి తెలిసింది తప్పు. అయినా మామ్మ తన మాట కన్నా నా ప్రోగ్రామ్ మాటనే నమ్మింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. తెలుగులో తేదీలు, టైమ్ అర్థం చేసుకునే రూల్స్‌ని ఇంగ్లీష్ రూల్స్‌కి అనువాదంగా రాస్తే పనికిరావని నా అభిప్రాయం. వాటిని మన ఇళ్లల్లో మాటలు విని రాయాలి. ఆ పని ఎవరో చేస్తారని కూర్చోకుండా మనమే చెయ్యాలి.

ముందు నా తప్పు చెబుతాను. నా కోడ్‌లో వారాల పట్టిక ఉంది, ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు పేర్లు. అది కూడా నేను సొంతంగా రాసింది కాదు. యూనికోడ్ కన్సార్షియం వాళ్లు సీఎల్‌డీఆర్ అని ఒక డేటా నడుపుతారు. ఏ భాషలో నెలల్ని, వారాల్ని ఏమంటారో అందులో ఉంటుంది. మన ఫోన్లు తెలుగులో తేదీ చూపించేది దాని ఆధారంగానే. అందులోంచి నేను కాపీ చేసుకున్న పేరు గురువారం. తేదీ చూపించడానికి ఒక పేరు చాలు. మనిషి చెప్పేది వినడానికి ఒక పేరు చాలదు. మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటారు, నోటికి వచ్చేసరికి లచ్చివారం. హాస్టల్లో కర్నూలు ఫ్రెండ్‌ని అడిగితే వాళ్లింట్లో బేస్తవారం అంటారంది. ఒకే రోజుకి మూడు పేర్లు. నా దగ్గర ఉన్నది ఒకటి.

రెండో తప్పు ఇంకా పెద్దది. తెలియని మాట కనిపిస్తే నా ప్రోగ్రామ్ దాన్ని వదిలేసి ముందుకి పోతుంది. లచ్చివారం తీసేస్తే మిగిలింది "పొద్దున్న తొమ్మిదింటికి". చెప్పింది సోమవారం సాయంత్రం కాబట్టి, తర్వాత వచ్చే పొద్దున్న మంగళవారం. దాని లెక్క ప్రకారం అంతా కరెక్టే! నాకు తెలియదు అని చెప్పడం రాని ప్రోగ్రామ్ రాశాను.

పెద్దవాళ్లు ఇది ఎలా చేశారో చూద్దామని డక్లింగ్ తెరిచాను. 2017లో ఫేస్‌బుక్ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన లైబ్రరీ అది, హాస్కెల్‌లో రాశారు. పద్ధతి మనం కంపైలర్ డిజైన్‌లో చదివే గ్రామర్ లాంటిదే. వారం పేరుకి ఒక రూల్, పూటకి ఒకటి, గంటకి ఒకటి. పూట, గంట పక్కపక్కన వస్తే అది టైమ్. వారం పక్కన టైమ్ వస్తే అది ఒక తేదీలో ఒక టైమ్. ఇలా చిన్న ముక్కల్ని కలుపుతూ పెద్ద ముక్క కడుతుంది. తేడా ఏమిటంటే, సీ ప్రోగ్రామ్‌లో ఒక లైన్‌కి ఒకే అర్థం ఉండాలి, మనుషుల మాటకి రెండు మూడు అర్థాలు రావచ్చు. డక్లింగ్ వచ్చే అర్థాలన్నీ కట్టి, ఉదాహరణ వాక్యాల నుంచి నేర్చుకున్న లెక్కతో ఏది ఎక్కువ కుదురుతుందో ఎంచుకుంటుంది. అందులో తెలుగు కూడా ఉందని చూసి సంబరపడ్డాను. తెరిస్తే తెలుగు అంకెల రూల్స్ ఉన్నాయి, తేదీలూ టైమ్ రూల్స్ లేవు.

సరే, ఇంగ్లీష్ రూల్స్ పక్కన పెట్టుకుని తెలుగులోకి మారుద్దామని కూర్చున్నాను. మొదటి గంటలోనే ఆగిపోయాను.

ఇంగ్లీష్‌లో మాటల మధ్య ఖాళీ చూసి ముక్కలు చెయ్యొచ్చు. మనకి తొమ్మిదింటికి, తొమ్మిదింటిదాకా, తొమ్మిదింటినుంచి, తొమ్మిదిన్నరకి, తొమ్మిదింపావుకి అన్నీ ఒక్కో మాటే. అంకె, పావు, విభక్తి అన్నీ అతుక్కుని ఉంటాయి. ఒకటి అయితే ఏకంగా రూపం మార్చుకుని ఒంటిగంట అవుతుంది. స్కూల్లో సంధులు మార్కుల కోసం బట్టీ పట్టాను. ఇప్పుడు అవే సంధుల్ని విడగొట్టే కోడ్ రాస్తున్నాను. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను "పావుతక్కువ తొమ్మిది" అంటే తొమ్మిదింపావు అనుకునేదాన్ని, టెన్త్ దాకా. అంటే ఆ రూల్ ప్రోగ్రామ్‌లోనే కాదు, నాలో కూడా లేదు.

తర్వాత క్రియ. "పొద్దున్న వచ్చాడు" అంటే ఇవాళ పొద్దున్న. "పొద్దున్న వస్తాడు" అంటే రేపు పొద్దున్న. "రాత్రి ఫోన్ చేశాను" నిన్నటి రాత్రి, "రాత్రి ఫోన్ చేస్తాను" ఇవాళ్టి రాత్రి. ఏ రోజో చెప్పే మాట వేరే లేదు, వాక్యం చివర ఉన్న క్రియలోనే దాక్కుంది. కాబట్టి తేదీ ముక్కని మాత్రం కత్తిరించి చూసే రూల్ మన దగ్గర పనిచెయ్యదు. చివరిదాకా వినాలి.

మూడోది నాకు బాగా నచ్చింది. హిందీలో కల్ అంటే నిన్న కూడా, రేపు కూడా. మనకి ఆ తికమక లేదని గర్వపడ్డాను. సీఎల్‌డీఆర్‌లో కూడా మొన్న అంటే రెండు రోజుల వెనక్కి, ఎల్లుండి అంటే రెండు రోజుల ముందుకి అని నీట్‌గా ఉంది. ఇంగ్లీష్‌కి ఆ రెండు గళ్లూ ఖాళీ. కానీ ఈ వ్యాసం మొదటి వాక్యం మళ్లీ చూడండి. "మొన్న వేసవిలో" అన్నాను. రెండు రోజుల కిందట ఆపరేషన్ అయిందని మీలో ఎవరూ అనుకోలేదు కదా. "రేపు సంక్రాంతికి బట్టలు కొంటా" అంటే రేపే సంక్రాంతి కాదు. పండగ పక్కనో, కాలం పక్కనో వస్తే మొన్న అంటే వెనక్కి, రేపు అంటే ముందుకి అని దిక్కు చూపిస్తాయి, అంతే. ఇది ఏ ఇంగ్లీష్ రూల్‌ని మార్చినా రాదు.

ఇక రాత్రి. కంప్యూటర్‌కి అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే తేదీ మారుతుంది. మా ఇంట్లో తెల్లారితే గానీ మారదు. "శనివారం రాత్రి రెండింటికి రైలు" అంటే క్యాలెండర్ ప్రకారం ఆదివారం. ఇది చూసుకోకుండా శనివారం తేదీకి టికెట్ తీస్తే, రైలు ముందు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది.

అన్నిటికంటే కష్టం మా ఊరి తేదీలు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. 2024లో అక్టోబర్ 15, 2025లో అక్టోబర్ 7. "సిరిమాను అయిన మర్నాడు వస్తాను" అని మామ్మ అంటే, ప్రోగ్రామ్ ముందు పంచాంగం చూసి దశమి పట్టుకోవాలి, తర్వాత మంగళవారం, ఆ తర్వాత ఒక రోజు. మా మండలంలో సముద్రం పక్క ఊళ్లల్లో అయితే లెక్క వేట నిషేధంతో నడుస్తుంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. "నిషేధం ఎత్తేసిన మూడోనాడు" అంటే జూన్ 15తో మొదలుపెట్టి లెక్కేస్తే 17. "మూడు రోజుల తర్వాత" అంటే 18. ఒక్క రోజు తేడా, కానీ మందుల కోర్సులో అయితే అది చిన్న తేడా కాదు.

నా ప్రోగ్రామ్‌ని ఓడించిన వాక్యం మాత్రం మా నాన్నది: "మన ఎయిర్‌పోర్ట్‌కి శంకుస్థాపన అయిన ఏడాది." భోగాపురం ఎయిర్‌పోర్ట్‌కి 2019 ఫిబ్రవరి 14న ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. రెండు జవాబులూ కరెక్టే. ఇలాంటి చోట ప్రోగ్రామ్ ఊహించకూడదు, అడగాలి.

ఇదంతా చెబితే ఫ్రెండ్స్ రెండు మాటలు అన్నారు.

ఒకటి: "మీ మామ్మ గురువారం అంటే సరిపోయేది కదా?" సరిపోయేది. కానీ డెబ్భై ఏళ్లుగా లచ్చివారం అన్న మనిషి, పంతొమ్మిదేళ్ల నేను రాసిన పట్టిక కోసం మాట మార్చుకోవాలా? మా ఉత్తరాంధ్రలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితాంతం పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటూ మన క్లబ్ ఏటా దండ వేస్తుంది. సవర భాషకి వ్యాకరణం రాయాలనుకున్నప్పుడు ఆయన ముందు సవరల మాట విని నేర్చుకున్నారు. రూల్స్ రాసేవాళ్లకి అంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

రెండు: "ఇంకా రూల్స్ ఏంటి, ఏఐ చేసేస్తుంది కదా?" చాలా వాక్యాలకి చేస్తుంది, నేనూ ట్రై చేశాను. కానీ మందు టైమ్, డాక్టర్ టైమ్ లాంటి వాటికి, ఎందుకు ఆ తేదీ వచ్చిందో నేను చూపించగలగాలి. రూల్ తప్పైతే ఏ లైన్ తప్పో తెలుస్తుంది, సరిచేసి టెస్ట్ రాసుకోవచ్చు. నెట్ లేకపోయినా పాత ఫోన్‌లో నడుస్తుంది. అయినా ఏఐ నేర్చుకునేది రాసి ఉన్న వాటి నుంచే. మనం ఎక్కడా రాయని లచ్చివారాన్ని అది మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇప్పుడు నా యాప్‌లో రెండు మార్పులు చేశాను. తెలియని మాట వస్తే వదిలెయ్యదు, "ఈ మాట అర్థం కాలేదు" అంటుంది. అర్థమైనా సరే, అలారం పెట్టే ముందు ఒకసారి చదివి వినిపిస్తుంది, మామ్మ మాటలోనే: "లచ్చివారం పొద్దున్న తొమ్మిదింటికి, సరేనా?" మామ్మ అవునంటేనే పెడుతుంది. మామ్మ మళ్లీ వాడుతోంది కానీ, గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో కూడా గీత పెట్టుకుంటోంది. నేను వద్దనలేదు.

మన క్లబ్‌కి ఒక పని అడుగుతున్నాను. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు, పెద్దవాళ్లు రోజు గురించో టైమ్ గురించో చెప్పే మాటలు పది రాసుకోండి. ఎలా పలికారో అలాగే రాయండి, సరిదిద్దకండి. పక్కన మూడు విషయాలు: ఏ ఊరు, ఏ రోజు ఎన్ని గంటలకి అన్నారు, వాళ్ల ఉద్దేశం ఏ తేదీ. ఈ మూడోది మీరు ఊహించి రాయకండి, వాళ్లనే అడగండి. పేర్లు అక్కర్లేదు. క్లబ్‌లో నలభై మంది ఉన్నాం, అంటే నాలుగు వందల వాక్యాలు. అందరికీ ఓపెన్‌గా పెడదాం. కోడ్ రాని వాళ్లు కూడా చెయ్యగలిగే పని ఇది. నా ఫైల్‌లో ఇప్పటికి ముప్పై ఒకటి ఉన్నాయి, ఎక్కువ మామ్మవే. ముప్పై రెండోది మీ ఇంటి నుంచి రావాలి.